ఏసురాజుగారి తడి మణికట్టు

ఏసురాజుగారు మొదటిసారి మా కాలేజీకి వచ్చినప్పుడు చేతిరుమాల్లో ఏదో కట్టుకొచ్చారు. రెండేళ్ళ కిందటి మాట. మధ్యాహ్నం ఫిజిక్స్ ల్యాబ్‌లో నేనొక్కణ్ణే ఉన్నాను. గోదావరి మీంచి వచ్చే గాలికి కిటికీ రెక్క ఒకటి నెమ్మదిగా తెరుచుకుంటోంది, మళ్ళీ మూసుకుంటోంది. ఆయన గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి అడుగు పెట్టకుండా అక్కడే నిలబడ్డారు.

"మాస్టారూ, మీ దగ్గర పెద్ద భూతద్దం ఉందంటండి. దీన్నోసారి అందులో చూపిస్తారా?"

యాభై దాటిన మనిషి. చొక్కా తెల్లగా, ఇస్త్రీ మడతతో ఉంది. గోళ్ళ అంచుల్లో మాత్రం ఎంత కడిగినా పోని నలుపు. కొవ్వూరులో గోష్పాదానికి వెళ్ళే దారిలో ఉన్న కార్ల షెడ్డు తనదేనని చెప్పారు. రుమాలు విప్పితే అగ్గిపెట్టెంత నల్ల ప్లాస్టిక్ ముక్క. దాని గాడిలో బియ్యపుగింజంత మెరుపు.

"ఇంజన్లోకి ఎంత గాలి వెళ్తోందో కొలిచేది ఇదేనండి. పాడైతే తీసేసి కొత్తది పెట్టమంటారు, పెడుతున్నాను. కానీ ఇది గాలిని ఎలా కనిపెడుతోందో తెలీకుండా పెట్టడం నాకు బాగోలేదండి. పేరు తెలీని మనిషికి ఇంటి తాళాలిచ్చినట్టుంది."

మైక్రోస్కోపు కింద పెట్టి చూశాం. చిన్న సిలికాన్ పలక. దాని మధ్యలో కిటికీలాంటి చోటు. అక్కడ సిలికాన్‌ని వెనకనుంచి తొలిచేసి, ఉల్లిపొర కన్నా ఎన్నో రెట్లు పల్చటి పొరని మాత్రం మిగిల్చారు. పొర నడుమ వేడి పుట్టించే గీత ఒకటి, దానికి అటూ ఇటూ వేడిని కొలిచే గీతలు. క్లాసులో చెప్పినట్టే చెప్పాను. గాలి కదలకుండా ఉంటే రెండు వైపులా వేడి సమానం. గాలి వీచిందా, అది వచ్చే వైపు చల్లబడుతుంది, వేడి అవతలి వైపుకి జరుగుతుంది. ఆ తేడాని బట్టి ఎంత గాలి వచ్చిందో, లోపలికి వెళ్తోందో వెనక్కి వస్తోందో కూడా కారులో ఉన్న కంప్యూటర్‌కి తెలుస్తుంది. గాలిని బట్టి ఇంధనం కొలిచి ఇస్తుంది.

ఏసురాజుగారు అద్దానికి ఆనించిన కన్ను చాలాసేపు తియ్యలేదు. తర్వాత తలెత్తి నవ్వారు.

"ఇదాండీ! ఇది మా నాన్న మణికట్టండి."

వాళ్ళ నాన్న హార్మోనియాలు బాగుచేసేవాడట. లూథరన్ చర్చీల హార్మోనియాలు, పద్యనాటకాల వాళ్ళ హార్మోనియాలు అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. తిత్తిలో ఎక్కడో సూదిమొనంత చిల్లు పడితే కంటికి ఆనదు, చెవికీ వినిపించదు. అప్పుడు ఆయన మణికట్టు లోపలివైపు నీళ్ళతో తడుపుకుని, తిత్తిని మెల్లగా నొక్కుతూ చర్మాన్ని మడతల వెంట జరిపేవాడు. చల్లగా తగిలిన చోట చిల్లున్నట్టు. అక్కడ సుద్దముక్కతో చుక్క పెట్టేవాడు.

"నాకూ అదే నేర్పాడండి. ముందు తడుపు, తర్వాత నోరు మూసుకో, అనేవోడు. నీ ఊపిరే నీకు తగిలిందనుకో, చిల్లు లేని చోట చుక్క పెడతావు అని." ఆయన కుళాయి దగ్గరికెళ్ళి మణికట్టు తడుపుకొచ్చి కిటికీ వైపు చాపారు. "ఇదిగో చూడండి, గోదావరి ఇప్పుడు మనవైపు ఊదుతోంది."

నేనూ తడుపుకుని చాపాను. మేమిద్దరం ఖాళీ ల్యాబ్‌లో చేతులు చాచి ఎంతసేపు నిలబడ్డామో గుర్తులేదు. పద్నాలుగేళ్ళ చదువులో ఉష్ణప్రసరణ గురించి నాకు తెలిసినదంతా, ఆ తడి చర్మం మీద ఒక్క చల్లటి గీతలా కదిలింది.

ఆ తర్వాత అప్పుడప్పుడు షెడ్డుకి వెళ్ళేవాణ్ణి. ఆయన కథ ముక్కలుముక్కలుగా అక్కడే విన్నాను. నాటకాల వాళ్ళు కీబోర్డులకి మారారు. చర్చివాళ్ళూ మారారు. హార్మోనియాలు ఏడాదికి ఒకటో రెండో వచ్చే రోజుల్లో ఆయన పొలాల్లో డీజిల్ ఇంజన్లు బాగుచెయ్యడం మొదలుపెట్టారు. తర్వాత రాజమండ్రిలో ఒక మేస్త్రీ దగ్గర కార్లు. ఆ మేస్త్రీ ఇంజన్ శబ్దం విని జబ్బు చెప్పేవాడట. ఈయన మాత్రం శబ్దం ఆగిన చోట చెవి పెట్టేవారు.

"ఏ మిషనుకైనా ఊపిరి ముఖ్యమండి. అది సరిగ్గా ఉంటే తక్కినవి తర్వాత చూసుకోవచ్చు," అనేవారు.

షెడ్డులో బల్ల మీద ఒక గాజు సీసా. అందులో చనిపోయిన సెన్సర్లు. పక్కనే తోలు, జిగురు, ఇత్తడి రీడ్లున్న చెక్కపెట్టె. ఆదివారం మాత్రం ఆ పెట్టె తెరుస్తారు. ప్రార్థన అయ్యాక మిగిలిన మధ్యాహ్నమంతా ఎవరూ అడగని హార్మోనియాలు బాగుచేస్తూ కూచుంటారు. రోడ్డు మీద కార్లు వెళ్తుంటాయి, ఈయన వేళ్ళ కింద ఒక్క స్వరం మాత్రం సన్నగా, ఎవరో నిద్రలో పలికినట్టు వినిపిస్తూంటుంది.

మా పాప పుట్టాక నా రాకపోకలు తగ్గాయి.

లోవ అమ్మవారికి మొక్కుకుంటే పుట్టిందని మా అమ్మ సూర్యకళ దానికి లోవలక్ష్మి అని పేరు పెట్టింది. లోవా అని పిలుస్తాం. దొమ్మేరులో మా ఇల్లు. మా ఆవిడ వెంకటదుర్గ గ్రామ సచివాలయంలో పనిచేస్తుంది. పాపకి తొమ్మిదో నెలలో మొదటిసారి ఆయాసం వచ్చింది. చిన్న పిట్ట గొంతులో ఇరుక్కున్నట్టు ఈల. డొక్కలు లోపలికి పోతాయి, ముక్కుపుటాలు ఎగురుతాయి. అప్పటినుంచి నేను ఊపిరులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నిమిషానికి నలభై అంటే నిద్రపోతాను. యాభై దాటితే కారు తాళాలు వెతుకుతాను. సెకండ్‌హ్యాండ్‌లో ఆ డీజిల్ కారు కొన్నదే వంతెన దాటి రాజమండ్రి ఆసుపత్రికి పరిగెత్తడానికి.

నాలుగోసారి తీసుకెళ్ళినప్పుడు పిల్లల డాక్టరుగారు అన్నారు. "మీ ఇంట్లో ఏదో పాపకి పడట్లేదు. అదేంటో వెతకండి. ఇంకోసారి వచ్చిందంటే రోజూ పీల్చే మందు మొదలుపెడదాం."

మందంటే నాకు భయం లేదు. కారణం తెలియని దానికి మందు వేస్తూ, ఆ కారణం పక్కనే పాపని పడుకోబెడుతున్నామేమో అన్నది భయం. మొదటిసారి వచ్చినప్పటినుంచే నోటుబుక్ పెట్టాను. తేదీ, సమయం, ఊపిరుల లెక్క, గాలిలో తేమ, పక్కింటి పిల్లి వచ్చిందా లేదా, దుప్పట్లు ఎప్పుడు ఉతికాం, మిల్లు ఊక మావైపు ఎగిరిందా, అన్నీ రాశాను. జులై 12. ఆగస్టు 1. ఆగస్టు 9. ఆగస్టు 30. వాటి మధ్య తేడాలు ఇరవై, ఎనిమిది, ఇరవై ఒకటి. అర్ధరాత్రి దాటాక వచ్చినదాన్ని గడియారం ప్రకారం మర్నాటి తేదీలో వేశాను. గ్రాఫు గీశాను. చుక్కలన్నీ చెల్లాచెదురుగా పడ్డాయి.

సెప్టెంబరు 12 సాయంత్రం అయిదోసారి వచ్చింది. వెనకసీట్లో అమ్మ ఒళ్ళో లోవ, పక్కన దుర్గ. కొవ్వూరు దాటి వంతెన ఎక్కే ఏటవాలులో కారు లాగడం మానేసింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా ముప్పై దాటట్లేదు. ఇంజన్ కూడా పాపలాగే, ఎంత పీల్చినా చాలనట్టు, సన్నగా మూలుగుతోంది. పైన ఆకాశం రాగిరంగు, కింద గోదావరి అదే రంగు. ఆ రెండింటి మధ్య ఎటూ చేరకుండా వేలాడుతున్నాం అనిపించింది.

"ఏవండీ, కొంచెం తొందరగా పోనివ్వండి," అంది దుర్గ.

"పోనిస్తున్నా."

"ఇదా పోనివ్వడం? ఇలాగైతే సైకిలు కూడా దాటిపోతుంది."

"దిష్టి కొట్టేసిందిరా ఈ కారుకి," అంది అమ్మ. "పొద్దున్నే అంత చేశాను, అయినా ఆగలేదు."

ఎలాగో చేరాం. పాపకి మాస్కు పెట్టారు. తెల్లటి ఆవిరిలో దాని కళ్ళు మూతపడ్డాయి. తెల్లవారేసరికి ఈల ఆగింది. మందు సంగతి సోమవారం మాట్లాడదామని డాక్టరుగారు మమ్మల్ని ఇంటికి పంపారు. వచ్చేటప్పుడు అదే నత్తనడకన వంతెన దాటి, ఇంటికి పోకుండా కారుని నేరుగా ఏసురాజుగారి షెడ్డుకి పోనిచ్చాను.

ఆయన పాపని చూసి ముందు బానెట్ సంగతి అడగలేదు. చేతులు కడుక్కుని, మణికట్టు తడుపుకొచ్చారు.

"అమ్మగారూ, ఏమీ అనుకోకండి, ఓసారి చూస్తాను," అని నిద్రపోతున్న లోవ ముక్కుకి జానెడు దూరంలో చెయ్యి ఆపారు. తన ఊపిరి బిగబట్టారు. కాసేపటికి చెయ్యి తీసి, "లోపలికి బానే వెళ్తోందండి. బయటికి రావడానికే ఇంకా కొంచెం టైం పడుతోంది," అన్నారు. ముందురోజు డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టి చెప్పింది కూడా అదే.

అమ్మ ఆయన్ని తేరిపార చూసింది. "నువ్వు పాపాయమ్మ కొడుకువి కదూ? మా నాన్న హార్మోనీకి తోలు మార్చింది మీ నాన్నే."

"ఆయ్, మరేనండి. మీ నాన్నగారు ఎక్కువ నొక్కేసేవారంట. తిత్తి ఏడాది తిరక్కుండా చిరిగేదని మా నాన్న గొణిగేవాడు."

"పద్యం అంటే అలా నొక్కాలి మరి! మీ నాన్న తోలు పల్చన వేసేవోడు, అది చెప్పవేం?"

ఇద్దరూ నవ్వారు. ఆ రాత్రి గడిచాక మాలో ఎవరైనా నవ్వడం అదే మొదలు.

అమ్మని కుర్చీలో కూచోబెట్టి ఏసురాజుగారు బానెట్ ఎత్తారు. ఫిల్టర్ డబ్బా మూతకి ఒకవైపు క్లిప్పు విరిగి ఉంది. వేలు పట్టేంత సందు. మూత తీసి, కాగితం ఫిల్టర్‌ని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆగారు. మళ్ళీ వాసన చూశారు. తర్వాత సెన్సర్ విప్పి, బల్ల దగ్గరకి తీసుకెళ్ళి, కంటికి అద్దం పెట్టుకుని చూశారు.

"మాస్టారూ, ఇటు రండి."

నేను చూశాను. ఆ సన్నటి పొర మీద పసుపచ్చటి మైనంలాంటి పూత. దానికి అతుక్కుని ఊకదుమ్ము. అంత మందం పూత కింద వేడి అటూ ఇటూ కదలాలంటే కష్టమే. గాలి నిండుగా వస్తున్నా కొంచెమే వస్తోందని ఇది చెబుతుంది. ఆ మాట నమ్మి కంప్యూటర్ ఇంధనం తగ్గిస్తుంది.

"దుమ్మొక్కటే అయితే రాలిపోయేదండి. ఇది జిగురు." ఆయన పొరకి తగలకుండా పక్కన ప్లాస్టిక్ మీద దూదిపుల్లతో అద్ది నా చేతికిచ్చారు. వాసన చూశాను. నా చిన్నతనమంతా ఆ పుల్ల చివర ఉంది.

"సాంబ్రాణి," అన్నాను.

"ఆయ్. కారు ముక్కు దగ్గర ఎవరు వేస్తారండి?"

"నేనే వేస్తా," అంది అమ్మ కుర్చీలోంచి. "శుక్రవారం శుక్రవారం. వీడు బండి స్టార్ట్ చేసి ఉంచుతాడు, నేను ధూపం చుట్టూ తిప్పి ముందు కాసేపు పట్టుకుంటాను. పొగ లోపలికి వెళ్తే లోపలి దిష్టి కూడా పోద్దని. కారైనా ఇంట్లో పిల్లలాంటిదే కదా! తప్పేంటి?"

"తప్పని ఎవరన్నారండి? తెలీక మీరు పట్టారు, తెలీక ఇది పీల్చింది. మూతకి సందుంది కాబట్టి ఇక్కడిదాకా వచ్చింది." ఆయన సెన్సర్‌ని అరచేతిలో పెట్టి అమ్మ ముందుకు వంగారు. "ఇదిగోండమ్మా, దీని ముక్కు ఇంతే. ఇంత పల్చన. అందుకే దీనికి పడలేదు."

అంతే అన్నారు. పాప మాట ఎత్తలేదు. నా వైపు చూడలేదు. బల్ల దగ్గరకి వెళ్ళి, స్పిరిట్ చుక్కలు చుక్కలుగా పొర మీద జారవిడుస్తూ కూచున్నారు.

ధూపం కారు దగ్గర ఆగదు. అదే మూకుట్లో ఇంకో రెండు నిప్పులు వేసి, తలంటు పోసిన లోవని ఒళ్ళో బోర్లా పడుకోబెట్టుకుని, పైన గంప మూసినట్టు చీరకొంగు కప్పి, అమ్మ దాని తడిజుట్టుకి పొగ పడుతుంది. నన్నూ అలాగే పెంచింది. చిన్నప్పుడు చిక్కిపోయి ఉండేవాణ్ణని, ఆ పొగే బతికించిందని ఇప్పటికీ చెబుతుంది. నా నోటుబుక్కులో పిల్లి ఉంది, దుప్పట్లు ఉన్నాయి, ఊక ఉంది. సాంబ్రాణి లేదు. స్నానం రాయలేదు, అన్నం రాయలేదు, అలాగే అదీ రాయలేదు. అది మా ఇంటి గాలి. గాలిని కొలవడమే తెలిసినవాణ్ణి, ఆ గాలి ఏమిటో చూడలేదు.

చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియలేదు. దుర్గ నన్నే చూస్తోంది. తనకీ అర్థమైంది. కోడలు ఆ మాట అంటే ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలుసు.

అమ్మ లోవ తల మీద చెయ్యి వేసి నిమురుతోంది. చెయ్యి ఆగింది.

"హరీ, ఇది మొదటిసారి ఎగపోసింది ఎప్పుడ్రా?"

"జులై పన్నెండు."

"తేదీలు నాకెందుకు? ఏ వారం?"

నేను ఫోన్ కోసం జేబు తడుముకున్నాను. అమ్మే చెప్పింది. "ఆషాఢంలో దీనికి గోరింటాకు పెట్టిన రోజు. శుక్రవారం. పొద్దుపోయాక మొదలైంది. రెండోది శ్రావణంలో రెండో శుక్రవారం. తర్వాతది వరలక్ష్మీ వ్రతం రాత్రి, ముత్తైదువలంతా వెళ్ళాక. అదీ శుక్రవారమే కదా. చవితి వెళ్ళిన రెండోనాటి రాత్రి ఒకటి. చవితి బుధవారం." ఆమె వేళ్ళు మడుస్తూ ఆగిపోయింది. "నిన్న శుక్రవారం."

నేను ఫోన్‌లో క్యాలెండర్ తీశాను. అర్ధరాత్రి దాటినవాటిని ఒక్కరోజు వెనక్కి జరిపాను. మూడు వారాలు, ఒక వారం, మూడు వారాలు, రెండు వారాలు. మధ్యలో ఏమీ రాని శుక్రవారాలన్నీ బహుశా కిటికీలు తెరిచి ఉన్నవి. నేను నెలలపాటు గీసిన గ్రాఫుని మా అమ్మ అయిదు వేళ్ళ మీద గీసేసింది.

"నేనేనట్రా!" అంది.

"కాదమ్మా, నేను కూడా..."

"నువ్వూరుకో. నిన్ను ఆ పొగలోనే పెంచాను, నీకేం కాలేదు. దీనికి పడలేదు." లోవ ముక్కు చివర వేలితో తాకింది. "దీని ముక్కు అంత పల్చనేమో. నాకేం తెలుసు?"

దుర్గ వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూచుంది. "అత్తయ్యగారూ, నాకూ తెలీలేదండి. పొగ వేసిన రోజు దీని జుట్టు వాసన చూస్తూ పడుకునేదాన్ని నేను."

ఏసురాజుగారు సెన్సర్ బిగించారు. క్లిప్పు కొత్తది వేశారు. కారు స్టార్ట్ చేసి, దాని కంప్యూటర్‌ని తన ఫోన్‌కి కలిపి, తెర మీద గాలి గీత చూపించారు. యాక్సిలరేటర్ కొంచెం నొక్కితే గీత లేస్తోంది, వదిలితే నెమ్మదిగా వాలుతోంది. లేస్తోంది, వాలుతోంది. లోవ నిద్రలేచి ఆ గీతనే చూస్తోంది.

"మరి కారుకి దిష్టి?" అంది అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"నిమ్మకాయ కట్టుకోండమ్మా. టైరు కింద తొక్కించుకోండి. దేవుణ్ణి ఎంతసేపైనా అడగండి. ముక్కు కింద మాత్రం ఏమీ పెట్టకండి."

"మీ వాళ్ళకి దిష్టి ఉండదా ఏంటి?"

"మా అమ్మ పాపాయమ్మగారు మిరపకాయలు తిప్పేదండి. పాస్టరుగారికి చెప్పకండి," అన్నారాయన గొంతు తగ్గించి.

సోమవారం డాక్టరుగారు విని, కొన్నాళ్ళు పొగ పూర్తిగా ఆపి చూద్దామన్నారు. పొగే కారణమని గట్టిగా చెప్పలేనన్నారు. మందు మాత్రం వాయిదా వేశారు. ఇప్పటికి పదకొండు శుక్రవారాలు. ఇప్పుడు వారం కూడా రాస్తున్నాను. ఆ గళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ గడిని చూసినా నాకు భయమే. రాయడం మరిచిపోయానేమో అని మళ్ళీ వెళ్ళి లెక్కపెడతాను.

మొన్న శుక్రవారం పొద్దున్న అమ్మ లోవకి తలంటు పోసి, ధూపం మూకుడున్న గూటి వైపు నడిచింది. సగం దారిలో ఆగింది. మూకుడు ఖాళీదే తెచ్చి తులసికోట పక్కన బోర్లించింది. పాపని ఎత్తుకుని డాబా మీదికి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. చేల మీంచి గాలి వస్తోంది. లోవ జుట్టు పాయలుపాయలుగా ఆరి లేస్తోంది. మంచు విడుతున్న చేలలో కొబ్బరిచెట్లు కాళ్ళు లేకుండా నిలబడినట్టున్నాయి. దూరంగా రోడ్డు మీద ఏదో బండి, నిండుగా ఊపిరి పీల్చుకుంటూ వెళ్ళిపోయింది.

పాప నిద్రపోయింది. నేను పెదాలు కదుపుతూ లెక్క మొదలుపెట్టాను.

"ఉండరా, నీ లెక్కలూ నువ్వూనూ!" అంది అమ్మ.

పక్కనున్న చెంబులో వేళ్ళు ముంచి, తన మణికట్టు లోపలివైపు తడుపుకుంది. గాజులు పైకి జరుపుకుని, లోవ ముక్కు ముందు చెయ్యి ఆపింది. తన ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను. ముడతల చర్మం మీద ఒక నీటిచుక్క, జారకుండా, సన్నగా వణికింది. ఆగింది. మళ్ళీ వణికింది.

"బానే వస్తోంది," అంది అమ్మ. "వచ్చిందెంత సేపో, వెళ్ళిందీ అంతే."